గుడి లెక్క అడిగేది ఎవరు? మద్రాసు దేవాదాయ మంత్రి పదవి వందేళ్ల కథ

మొన్న సంక్రాంతికి మా బాబాయి నాయుడుపేట నుంచి చెన్నై వచ్చాడు. మా ఇల్లు టీ నగర్‌లో, పానగల్ పార్కుకు నడిచి వెళ్ళేంత దూరం. పొద్దున్నే ఇద్దరం మా వీధి చివర గుడికి వెళ్ళాం. అర్చన టికెట్టు మీద తమిళంలో ఏదో ముద్ర కనిపిస్తే చదవమన్నాడు. "ఇందు సమయ అరనిలయత్తురై" అని చదివాను. మనం దేవాదాయ ధర్మాదాయ శాఖ అంటామే, అదే.

"అంటే ఈ పది రూపాయలూ గవర్నమెంటుకే పోతాయన్నమాట!" అన్నాడు బాబాయి.

కాదన్నాను. "మరి మంత్రి ఎందుకురా?" అని అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు పార్కులో ఉన్న విగ్రహం దగ్గర ఆగి, అది ఎవరిదో చెప్పాను. బాబాయి ప్రశ్నకు జవాబు ఆ మనిషి దగ్గరే మొదలవుతుంది.

ఆయన పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు. 1866లో కాళహస్తిలో పుట్టారు. తిరువల్లికేణి హిందూ హైస్కూల్లో, ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్నారు. 1921 జూలై నుంచి 1926 డిసెంబరు దాకా మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. తమిళనాడులో గుళ్ళ మీద ఈనాడు ఉన్న ప్రభుత్వ యంత్రాంగం మొత్తానికి పునాది వేసింది ఈ తెలుగాయనే. టీ నగర్‌లో ఆయన పేరు మీదుగా రోజూ నడిచే మన తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నాకది బాధగా ఉంటుంది.

ఆయన కంటే ముందు ఏముండేదో చూడకపోతే ఈ పదవి ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

1817లో ఈస్టిండియా కంపెనీ మద్రాసులో ఒక రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్ళు, మసీదులు, సత్రాలు, వంతెనల కోసం దాతలు రాసిచ్చిన భూముల ఆదాయం సరిగ్గా ఖర్చవుతుందో లేదో చూసే బాధ్యతను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. అంటే జిల్లా కలెక్టరే గుడి లెక్కలు చూసేవాడు. క్రైస్తవ పాలకులు హిందువుల గుళ్ళు నడపడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గోల చేశారు. 1840ల్లో కంపెనీ చేతులు దులుపుకోవడం మొదలుపెట్టింది. తిరుమల ఆలయం 1843లో హథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్ళింది ఈ వరసలోనే.

తర్వాత 1863లో మరో చట్టం వచ్చింది. ప్రభుత్వం పూర్తిగా తప్పుకుని, గుళ్ళ పర్యవేక్షణను స్థానిక కమిటీలకు అప్పగించింది. అయితే ఆ కమిటీ సభ్యుడు ఒకసారి కూర్చుంటే జీవితాంతం సభ్యుడే. దించాలంటే సివిల్ కోర్టుకు వెళ్ళాలి. మాన్యం భూమి ఎవరో దున్నుకుంటున్నారనీ, నగలు కనబడడం లేదనీ ఊళ్ళో పదిమందికీ తెలిసినా, కోర్టు ఖర్చు పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగేదెవరు? దాదాపు 60 ఏళ్ళు ఇలాగే గడిచాయి. లెక్క రాసేవాడు ఉన్నాడు, అడిగేవాడు లేడు.

1919 చట్టంతో రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన వచ్చింది. పోలీసు, రెవెన్యూ, ఆర్థికం లాంటివి గవర్నరు దగ్గరే ఉండిపోయాయి. విద్య, ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన లాంటివి ఎన్నికైన మంత్రులకు వచ్చాయి. మతపరమైన ధర్మాదాయాలు కూడా ఈ రెండో బుట్టలో పడ్డాయి. 1920 డిసెంబరులో బ్రాహ్మణేతరుల పార్టీగా పేరున్న జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి ప్రధాని. ఆయన అనారోగ్యంతో తప్పుకున్నాక రామరాయణింగారు ఆ స్థానానికి వచ్చారు. స్థానిక స్వపరిపాలన శాఖ ఆయన చేతిలోనే ఉండేది. గుళ్ళకంటూ విడిగా మంత్రి లేడు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు చూసే మంత్రే గుళ్ళూ చూశాడు. ఇది గమనించాల్సిన విషయం. మొదట్లో ఇది భక్తికి సంబంధించిన శాఖ కాదు. పన్ను కట్టేవాడికి పంచాయతీ లెక్క చెప్పాలి, కానుక వేసేవాడికి గుడి లెక్క చెప్పాలి అన్న ఆలోచనే దాని వెనక ఉంది.

1922 డిసెంబరులో ఆయన హిందూ ధర్మాదాయాల బిల్లు పెట్టారు. మఠాధిపతులు, వంశపారంపర్య ధర్మకర్తలు గట్టిగా వ్యతిరేకించారు. మతంలో జోక్యం అన్నారు. చివరికి అది 1925లో మొదటి నంబరు చట్టమైంది. చెల్లుబాటు మీద అనుమానాలు రావడంతో 1927లో మళ్ళీ కొత్తగా చేశారు. అప్పటికి రామరాయణింగారు పదవిలో లేరు. 1928 డిసెంబరులో కన్నుమూశారు.

ఆ చట్టం మంత్రికి గుళ్ళు అప్పగించలేదు. ఒక బోర్డును పెట్టింది. హైకోర్టు జడ్జిగా పనిచేసిన టి. సదాశివ అయ్యర్ దానికి మొదటి అధ్యక్షులు. ధర్మకర్తల మీద బోర్డు, బోర్డు మీద చట్టం. మంత్రి కొంచెం దూరంగా ఉంటాడు. ఈ వందేళ్లలో ఇదే అన్నిటికంటే ఆలోచించి చేసిన అమరిక అని నా అభిప్రాయం. లెక్క అడిగేవాడు వేరు, గుడి నడిపేవాడు వేరు. ఆ గీత తర్వాత నెమ్మదిగా చెరిగిపోయింది.

మొదటి మెట్టు 1935. బొబ్బిలి రాజా ప్రధానిగా ఉన్నప్పుడు చట్టాన్ని సవరించారు. పాలన బాగాలేని గుడిని బోర్డు "నోటిఫై" చేసి, అక్కడ జీతం మీద పనిచేసే కార్యనిర్వహణాధికారిని కూర్చోబెట్టవచ్చన్నారు. ఈరోజు మనం ఈఓ అని పిలిచే మనిషి ఈ సవరణ బిడ్డే. అంతకు ముందే, 1933లో తిరుమలకు ప్రత్యేక చట్టం అమల్లోకి వచ్చి మహంతుల పాలన ముగిసింది. తిరుమల తిరుపతి దేవస్థానాలు అన్న సంస్థ పుట్టింది మద్రాసు శాసనసభ చేసిన చట్టంతోనే. మా బాబాయికి ఇది చెప్పినప్పుడు కాసేపు నమ్మలేదు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ధర్మాదాయాలు ఒక మంత్రి పేరు పక్కన స్పష్టంగా కనిపిస్తాయి. ఆయన డాక్టర్ టి.ఎస్.ఎస్. రాజన్, శ్రీరంగం మనిషి. ప్రజారోగ్యం, ధర్మాదాయాలు ఆయన శాఖలు. వినడానికి వింత జత. కానీ ఆ రెండేళ్ళలోనే ఈ శాఖ అసలు బరువు బయటపడింది. 1939 జూలై 8న మదురై కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథ అయ్యర్ హరిజనులను వెంటబెట్టుకుని మదురై మీనాక్షి ఆలయంలోకి వెళ్ళారు. ఆయన మీద, ఆలయ అధికారుల మీద కేసులు పడకుండా ప్రభుత్వం వెంటనే రక్షణ చట్టం తెచ్చింది. అప్పటిదాకా హుండీ, మాన్యం, ఆడిట్ అంటూ సాగిన శాఖ ఆ ఒక్క రోజుతో, గుడి గడప దాటే హక్కు ఎవరికుందో తేల్చే శాఖ అయింది. రాష్ట్రమంతటికీ వర్తించే ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. దేవదాసీలను అంకితం చేయడాన్ని నిషేధించిన చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. ప్రభుత్వం గుళ్ళ జోలికి ఎందుకు వెళ్ళాలని ఎవరైనా అడిగినప్పుడు నేను ముందు ఈ మూడు సంగతులూ చెప్తాను. ఇవి వాటంతట అవి జరిగేవి కావు.

అసలు మలుపు 1951. రాజపాళయం రాజుల కుటుంబంలో పుట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా ముఖ్యమంత్రిగా ఉన్న కాలం. ఆ ఏడాది చట్టం పాత బోర్డును రద్దు చేసింది. దాని స్థానంలో కమిషనరు, డిప్యూటీ కమిషనర్లు, అసిస్టెంట్ కమిషనర్లతో ఒక ప్రభుత్వ శాఖ వచ్చింది. చూడడానికి పేర్లు మారినట్టే ఉంటుంది కానీ మారింది చాలా ఉంది. బోర్డు ఒక చట్టబద్ధ సంస్థ. శాఖ అలా కాదు. కమిషనరు పైన కార్యదర్శి, కార్యదర్శి పైన మంత్రి. మంత్రి కుర్చీకి ఈనాడు మనం చూసే బలం ఇక్కడి నుంచే వచ్చింది.

ఆ చట్టం మూడేళ్ళకే సుప్రీంకోర్టులో దెబ్బ తింది. ఉడుపి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడి శిరూరు మఠం అప్పుల్లో ఉందని దాని నిర్వహణలో శాఖకు ముందున్న బోర్డు కలగజేసుకుంది. స్వామివారు కోర్టుకు వెళ్ళారు. 1954 మార్చిలో వచ్చిన ఆ తీర్పు దేశంలో మతానికీ ప్రభుత్వానికీ మధ్య గీతను గీసింది. పూజ ఎలా చేయాలి, ఏ నైవేద్యం పెట్టాలి అన్నవి మతంలో భాగం, వాటి జోలికి ప్రభుత్వం రాకూడదు. ఆస్తి నిర్వహణను మాత్రం చట్టప్రకారం నియంత్రించవచ్చు. మతానికి ఏది ముఖ్యమో ఆ మతం సిద్ధాంతాలను బట్టే చూడాలి. గుళ్ళ దగ్గర శాఖ వసూలు చేస్తున్న వాటాను కూడా కోర్టు కొట్టేసింది. అది సేవకు తీసుకునే ఫీజులా లేదు, పన్నులా ఉందంది.

ఆ దెబ్బలన్నీ చూసుకుని కామరాజ్ హయాంలో 1959లో కొత్త చట్టం చేశారు. సవరణలతో తమిళనాడులో నడుస్తున్నది అదే.

ఇప్పుడు బాబాయి పది రూపాయల దగ్గరికి వద్దాం. చట్టం దృష్టిలో గుడి ఆస్తికి యజమాని దేవుడు. కోర్టులు దేవుణ్ణి ఒక వ్యక్తిగానే గుర్తిస్తాయి. అర్చన టికెట్టు డబ్బు, హుండీ, అద్దెలు ఆ గుడి పేరున్న ఖాతాలోకే వెళ్తాయి. రాష్ట్ర బడ్జెట్లో కలవవు. ప్రభుత్వానికి వెళ్ళేది గుడి ఆదాయాన్ని బట్టి పరిపాలన వాటా, గరిష్ఠంగా 12 శాతం. దాంతో పాటు ఆడిట్ ఫీజు, 4 శాతం దాకా. కమిషనరు దగ్గర నుంచి కింది దాకా అధికారుల జీతాలు ముందు ఖజానా నుంచి ఇస్తారు, ఈ వాటా దానికి సరిపెట్టుకుంటారు. ఇవి కాక "పొదు నల నిధి" అనే ఉమ్మడి నిధి ఉంది. మిగులు ఉన్న గుళ్ళు అందులో వేస్తే, దీపానికి నూనె లేని గుళ్ళ మరమ్మతులకు వాడతారు. శాఖ కింద 36 వేలకు పైగా గుళ్ళున్నాయి. వాటిలో చాలా వాటికి చెప్పుకోదగ్గ ఆదాయమే లేదు. పళని, తిరుచెందూరు, సమయపురం లాంటి కొన్ని గుళ్ళు మిగతావాటిని మోస్తున్నాయి. గుళ్ళకున్న భూమి సుమారు 4.78 లక్షల ఎకరాలు. కానీ భూమి ఉండడం వేరు, కౌలు చేతికి రావడం వేరు.

కాబట్టి గుడి సొమ్ముతో రోడ్లు వేస్తున్నారన్న మాట నిజం కాదు. కానీ మిగులు డబ్బు దేనికి వాడాలన్నది మాత్రం నిజమైన తగాదా. 2021లో మైలాపూరు కపాలీశ్వరర్ ఆలయం తరఫున కొళత్తూరులో ఒక కాలేజీ తెరిచారు. దాని మీద మద్రాసు హైకోర్టులో కేసు నడిచింది. గుడి నిధులతో కల్యాణ మండపాలు కట్టాలన్న ఉత్తర్వులను 2025లో మదురై బెంచి కొట్టేసింది. చదువు చెప్పడం ధర్మకార్యమే అని నాకనిపిస్తుంది, అద్దెకిచ్చే మండపం విషయంలో కోర్టు మాటే సబబనిపిస్తుంది. అయితే ఇలాంటివి మంత్రి అసెంబ్లీలో ప్రకటించడం కాదు, ఆ గుడి ధర్మకర్తలు కూర్చుని నిర్ణయించి పంపాలి. చట్టంలో ఉన్న వరస అదే.

మంత్రుల సంగతి. ఈ పదవి ఎవరెవరి దగ్గర ఉండేదో మొత్తం జాబితా రాస్తే పేజీలు నిండుతాయి, ప్రయోజనం తక్కువ. ఏ కాలంలో ఈ కుర్చీ ఏం చేసిందో చూడడం మేలు. 1967లో డీఎంకే వచ్చినప్పుడు నాస్తిక మూలాలున్న పార్టీ చేతికి గుళ్ళు వచ్చాయని చాలామంది భయపడ్డారు. వాళ్ళు శాఖను వదిలేయలేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నారు. కరుణానిధి ప్రభుత్వం 1970 చివర్లో సవరణ తెచ్చి వంశపారంపర్య అర్చకత్వాన్ని తీసేసింది. 1972లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలబెట్టింది. అర్చకుణ్ణి నియమించడం లౌకికమైన పని, కానీ నియమితుడు ఆగమం, అంటే గుడి పూజావిధుల శాస్త్రం, ప్రకారం అర్హుడై ఉండాలంది. ఈ రెండో మాట పట్టుకునే తర్వాతి 50 ఏళ్ళు గొడవ సాగింది. 2006లో అన్ని కులాలవారూ అర్చకులు కావచ్చని ఉత్తర్వు ఇచ్చారు. అప్పుడు మంత్రి కె.ఆర్. పెరియకరుప్పన్. పాఠశాలలు పెట్టి దాదాపు 200 మందికి శిక్షణ ఇచ్చారు. తర్వాత కేసులు, ఎదురుచూపులు. 2015లో సుప్రీంకోర్టు ఏ గుడి ఆగమాన్ని బట్టి ఆ గుడికి విడిగా తేల్చుకోవాలంది. 2021 ఆగస్టు 14న, పి.కె. శేఖర్ బాబు మంత్రిగా ఉండగా, శిక్షణ పొందిన కొందరికి నియామక పత్రాలు అందాయి. చదువు పూర్తి చేసి పదేళ్ళకు పైగా గుడి బయట నిలబడ్డ మనుషులు వాళ్ళు. పదవుల చరిత్రలో అలాంటివాళ్ళ పేర్లు ఉండవు.

ఈ మధ్యలో ఎం.జి.ఆర్. మంత్రివర్గంలో ఆర్.ఎం. వీరప్పన్ ఈ శాఖ చూశారు. సినిమా నిర్మాతగానూ పేరున్న మనిషి. 2002లో జయలలిత గుళ్ళల్లో అన్నదానం పథకం మొదలుపెట్టారు. అది పార్టీలు మారినా ఆగలేదు. సచివాలయంలో ఈ శాఖ చాలాకాలం వాణిజ్య పన్నులతో కలిసి ఉండేది, తర్వాత పర్యాటకం, సంస్కృతితో కలిపారు. గుడిని ప్రభుత్వం ఎప్పుడు ఆదాయంగా చూసింది, ఎప్పుడు యాత్రాస్థలంగా చూసింది అన్నది ఈ జతల్లోనే కొంత తెలుస్తుంది.

మన వైపు సంగతి కూడా ఒక మాట. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు 1951 మద్రాసు చట్టాన్నే వెంట తీసుకెళ్ళాం. 1966లో సొంత చట్టం చేసుకున్నాం. ధర్మాదాయాల మీద వేసిన చల్లా కొండయ్య కమిషన్ తర్వాత 1987లో మరొకటి. 1960 ఏప్రిల్లో సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసుకు వెళ్ళింది. మా అమ్మమ్మవాళ్ళది ఆ పక్క పల్లె. ఒక ఉగాదికి తిరుత్తణి కొండమీద గుడి నోటీసు తెలుగులో ఉందట, మరో ఉగాదికి తమిళంలో ఉందట. రెండు చోట్లా చట్టం తాత ఒకరే కాబట్టి గుడి పాలనలో పెద్ద తేడా ఏమీ తెలియలేదని చెప్పేది.

బాబాయి చివరగా అడిగింది అసలు ప్రశ్న. "అయితే మంత్రి తలుచుకుంటే మన గుడిలో ఏమైనా చేయగలడా?"

చట్టం చదివితే మంత్రి అన్న మాట పెద్దగా కనబడదు. "ప్రభుత్వం" అని ఉంటుంది. కమిషనరు ఉత్తర్వుల మీద పునర్విచారణ చేసే అధికారం, పెద్ద గుళ్ళకు ధర్మకర్తలను నియమించే అధికారం ప్రభుత్వానివి. శాఖ అధికారులు హిందువులే అయి ఉండాలని చట్టంలో ఉంది. గుడి ఉద్యోగులను నియమించేది ధర్మకర్తలు. ధర్మకర్తల మండలిలో ముగ్గురి నుంచి అయిదుగురి దాకా ఉండాలి. అందులో ఒకరు ఎస్సీ లేదా ఎస్టీ, ఒకరు మహిళ. కాగితం మీద ఈ అమరిక చక్కగా ఉంది.

తేడా వచ్చేది కుర్చీ ఖాళీ అయినప్పుడు. ధర్మకర్త పదవీకాలం రెండేళ్ళు. అది అయిపోయి కొత్తవాళ్ళను వేయకపోతే, శాఖ ఒకరిని "తక్కార్"గా కూర్చోబెడుతుంది. తగినవాడు అని ఆ మాటకు అర్థం. ఎక్కువసార్లు ఆయన శాఖ అధికారే. చాలా గుళ్ళు ఏళ్ళ తరబడి తక్కార్ చేతిలోనే నడిచాయి. ఖర్చు పెట్టాలని అడిగే ధర్మకర్త, అనుమతి ఇచ్చే శాఖ, లెక్క తనిఖీ చేసే శాఖ అన్నీ ఒకే ఆఫీసు గోడల మధ్య ఉంటాయి. 1863లో కమిటీ సభ్యుణ్ణి అడిగేవాడు లేడు. తక్కార్ ఉన్నచోట శాఖను అడిగేవాడు లేడు. 2014 జనవరిలో చిదంబరం నటరాజ ఆలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. తప్పు సరిదిద్దడానికి అధికారిని పెట్టవచ్చు, అది సరి అయ్యాక గుడిని తిరిగి అప్పగించాలి, శాశ్వతంగా అట్టిపెట్టుకోకూడదు అంది.

గుళ్ళన్నిటినీ ప్రభుత్వం వదిలేయాలని వాదించేవాళ్ళు 1863 తర్వాతి 60 ఏళ్ళను ఒకసారి చూడాలని నేను కోరుకుంటాను. ప్రభుత్వం దగ్గరే ఉంటే చాలనేవాళ్ళు తక్కార్ కింద పదేళ్ళు ఉన్న ఒక గుడి నోటీసు బోర్డు చూడాలి. మంత్రిని మార్చినా, శాఖను మార్చినా, ధర్మకర్తల కుర్చీలు నిండకుండా గుడి లెక్క అడిగే మనిషి దొరకడు.

మా వీధి గుడిలో ఆ నోటీసు బోర్డు ఉత్సవమూర్తి పల్లకీ పెట్టే గది పక్కన ఉంటుంది. బాబాయి వెళ్ళిన వారానికి అక్కడ ఒక కొత్త కాగితం అంటించారు. ధర్మకర్తల నియామకానికి దరఖాస్తులు కోరుతున్నామని తమిళంలో ఉంది. మా పై అంతస్తులో ఉండే రిటైరైన బ్యాంకు ఆవిడకు చదివి వినిపించాను. నలభై ఏళ్ళు లెక్కలు చూసిన మనిషి, పుట్టింది ఒంగోలు, పెరిగింది మాంబళం. "నేను పెట్టొచ్చా?" అని అడిగారు. పెట్టొచ్చండీ అన్నాను. మర్నాడు ఇద్దరం నుంగంబాక్కంలో కమిషనరు ఆఫీసుకు వెళ్ళి ఫారం తెచ్చుకున్నాం. ఆస్తుల వివరాల కాలమ్ ఒక్కటే నింపాల్సి ఉంది. గడువుకు ఇంకా ఎనిమిది రోజులుంది.